దుడ్డె పోయిన ఆటో

మహేశ్వరం

తమ్మీ గోవర్ధన్,

మంచిగున్నవా అని అడుగుతలేను.

నేను దవాఖానకు పోయొచ్చేసరికి, ఒక్క మాటన్నా అడగక బర్రె దుడ్డెను కోతకు అమ్మినవ్. ఇదేందిరా అంటే నువ్వు కాలేజీల పిల్లలకు చెప్పే పాఠం నాకు చెప్పినవ్. డెకార్ట్ అని వెనకటి ఫ్రాన్స్ తత్వవేత్త, లెక్కల్ల దిట్ట, మనిషి తప్ప జీవాలన్నీ మిషన్లే అన్నడట. వాటి అరుపు ఉట్టి సప్పుడేనట, బాధ కాదట.

మరి నెత్తి మీదికెల్లి గిన్ని ఇమానాలు పోయినా చెవి కదపని మన బర్రె, దుడ్డెను తీస్కపోయిన అసొంటి ట్రాలీ ఆటో సప్పుడైతే చాలు, తలుగు తెంపుకునేటట్టు ఒర్రుతున్నది. గడ్డి ముడ్తలేదు. ఈ లెక్క మీ డెకార్ట్ చేసిండా?

దుడ్డెను అమ్మిన నాడే నువ్వు దాని తల్లి పాల పెరుగు అన్నంల మళ్ళా మళ్ళా ఏపిచ్చుకొని తిని పోయినవ్. ఇగ మిషన్ ఎవలో నువ్వే చెప్పు.

మీ అక్క