హైస్కూలు ఫారంలో చివరి గడి

ఏమండీ,

ఆసుపత్రి లాండ్రీలో ఇద్దరు రాలేదట, పొద్దున్నే రమ్మని ఫోన్ చేశారు. హైస్కూల్లో కొత్తగా చేరే పిల్లల మీటింగుకి పాపతో మీరే వెళ్ళాలి. పదింటికి. డ్యూటీ నుంచి రాగానే కాస్త నడుం వాల్చారో, ఇక అంతే సంగతులు.

దారి పాపకి తెలుసు, నాలుగు రోజులు తిప్పి చూపించాను. ఏ స్టాపులో దిగాలో అదే చెప్తుంది, మీరు నోరు మెదపకండి. టీచరు ఏమడిగినా దాన్నే చెప్పనివ్వండి. ఒకటో తరగతిలో దాని పేరడిగితే మీరు ఠక్కున చెప్పేశారని ఇప్పటికీ నన్ను దెప్పుతోంది. చెప్పింది మీరు, మాటలు పడేది నేను.

ఫారం ఫ్రిజ్ మీదుంది, సంతకం పెట్టండి. 'విద్యార్థి గురించి మాకు చెప్పదలచినది' అన్న చివరి గడిలో 'కొత్త చోటంటే మా పాపకి భయం' అని నిన్న రాశాను. ఇప్పుడు చూస్తే 'పాపకి' కొట్టేసి, పైన 'అమ్మకి' అని రాసింది. ఇంకో ఫారం ఉంది కానీ తిరగరాయలేదు. అలాగే ఇచ్చేయండి.

బస్సులో మీరు దాని పక్కన కూర్చోకూడదట, వెనక సీట్లో కూర్చోవాలట. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసిందో లేదో సాయంత్రం నాకు చెప్పండి.