గేరు డబ్బాల చిక్కునూలు

అన్నా, నిన్న నీ ఏడాది మాసికం పెట్టినం. ఇయ్యాల నీ సావుకారు నువ్వు నడిపిన ఆ మిల్ట్రీ జీపును రిపేరుకు నా దగ్గరికే తోలిండు. నాలుగు చక్రాలకు జోరు పంచే గేరు డబ్బా విప్పి సూసిన. గేర్ల పండ్లన్నీ అరిగినయి. మగ్గం కిర్రుమంటే సందుల నూలు కుక్కుతరు సూడు, అట్లనే సావుకారు చప్పుడు ఇనపడకుండ అండ్ల చిక్కునూలు కుక్కిచ్చిండు. చప్పుడైతే నువ్వు ఆ లోపం పట్టుకుంటుంటివి. ఆ అరుగుడుకే తుల్జాపూర్ ఘాట్ల, ఆ కొండ మలుపుల కాడ గేరు జారి జీపు బోల్తా పడి, నువ్వు పోయినవ్. “వానికి గేరెయ్య రాదు” అని పేటంత చెప్పింది వీడే, థూ!

“కొత్త గేర్లెయ్యాలె” అని నేనంటే, “మల్ల నూలే కుక్కు, అమ్మేస్త” అన్నడు. ఆ జిడ్డు నూలంత తీస్కపోయి వాడు దుకాణంల కూసునే తెల్లగాదీ మీద కుమ్మరించిన. “గాదీ ఖరాబైంది గదరా!” అని మొత్తుకున్నడు.

నువ్వు పోయిన్నాడు గూడ వాడు ముందుగాల జీపు సంగతే అడిగిండు.