నాన్న పడుకున్న గది

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించిన రోజుల్లో మనం ఎలా బతికామో నా కూతురి కోసం రాస్తున్నాను. అప్పుడు నాకు ఐదేళ్ళు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన నాన్న పగలంతా లోపలి గదిలో పడుకునేవాడని, మనకి కాపలా ఆయనేనని రాశాను.

అప్పట్లో మన పక్క ఫ్లాట్‌లో ఉన్న సారమ్మ పిన్ని ఇప్పుడు ఇక్కడే ఖతార్‌లో, అల్ ఖోర్ ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటోంది. నిన్న నేను దోహా నుంచి వెళ్ళి, రాసింది చదివి వినిపిస్తే నవ్వింది.

"మీ నాన్న సెలవుకని ఇండియా వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడ్రా. ఆ గది ఖాళీ. ఇంట్లో మగమనిషి లేడని నీకు తెలిస్తే ఎవరడిగినా చెప్పేస్తావని, మీ అమ్మ అందరికీ చెప్పినట్టే నీకూ ఆయన లోపల పడుకున్నాడనే చెప్పింది. అసలే వాగుడుకాయవి."

ఇండియా వచ్చాక మీరిద్దరూ ఆ సంగతే ఎత్తలేదు. ఇప్పుడా పేజీ మళ్ళీ రాయాలి.

ఒక సైనికుడు మన గుమ్మంలో గొంతుక్కూర్చుని, "బాబా ఎక్కడ?" అని నాన్న గురించి అరబీలో నన్నే అడిగాడు. నేను ఆ గది చూపించి, పెదాల మీద వేలు పెట్టాను. అతను తలూపి, బూట్ల చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. నువ్వు గడియ పెట్టి వచ్చి నాకు అన్నం కలిపావు. అప్పటికి నీకు ఇరవై ఆరేళ్ళు.