ఏడు ముద్దలు

తాతయ్యా,

నువ్వు పోయాక ముద్దలు పెట్టడం ఈ ఏడు నా వంతు. తెల్లదొరల పటాలం మన కొండ రాజ్యాన్ని పట్టుకున్న రోజు, కనుమ దగ్గర అడ్డుపడి చనిపోయిన మన ఇంటి ఏడుగురికి. ఇక్కడ ఈ పరాయి దేశంలో, క్రెయిగీబర్న్‌లో, మా ఇంటి పెరట్లో అరిటాకు వేశాను. ఒక్కో ముద్దకీ ఒక్కో పేరు చెప్పాలి కదా, నాకు రెండే గుర్తొచ్చాయి. సింహాద్రి, అప్పన్న.

ఆఖరిసారి నువ్వు పేర్లు చెబుతుంటే వీడియో తీసింది నేనే. రీల్ కోసం దానిమీద సినిమా పాట వేసి, అసలుది చెరిపేశాను, బుద్ధిలేని వెధవని. ఊరికి ఫోన్ చేస్తే పిన్ని, "ఆ పేర్లు మీ తాతకే తెలుసురా, మాకెవరు చెప్పారు?" అంది.

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టులో ఈ యుద్ధం గురించే రాస్తోంది. "నాన్నా, వాట్ వర్ దెయిర్ నేమ్స్? ఐ ఓన్లీ హావ్ టూ," అంటూ పెన్ను పట్టుకుని నిలబడింది. బయట కాకుల బదులు మ్యాగ్‌పై పిట్టలు ముద్దలు పొడుచుకు తింటున్నాయి.

పొద్దుటినుంచీ ఆ రీల్‌లో పాట వినపడకుండా ఆపేసి నీ పెదాలే చూస్తున్నాను. మూడో పేరు మొదట్లో రెండు పెదాలూ కలుస్తున్నాయి తాతయ్యా. 'మ'తోనో, 'ప'తోనో మొదలయ్యే పేరు. అంతవరకే దొరికింది.