పైన ఇంకో సరస్సు

శ్రీవారికి,

మీ కాలి వాపు తగ్గిందా? కిందికి దిగుతున్న దంపతుల చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చీలమండ బెణికిన మిమ్మల్ని బస్సెక్కించి, నేనొక్కదాన్నే కొండెక్కానని కోపంగా ఉందేమో.

నిన్న పొగమంచులో దారి రెండుగా చీలింది. అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి, "ఏమండీ, ఎటు?" అన్నాను. పలికేవారు లేరు. కాసేపు అక్కడే కూర్చుంటే ఎడమవైపు నీళ్ళ చప్పుడు వినిపించింది. అటే నడిచాను. సరస్సు ఎదురైంది. గుడారం నేనే వేశాను. ఒకపక్క కుంగింది గానీ గాలికి నిలిచింది.

పొద్దున నీళ్ళలో కొండలన్నీ తలకిందులుగా కనిపిస్తుంటే, మీరు చూడలేదే అని ఏడుపొచ్చింది.

నన్ను తీసుకురావడానికి మరిదిని పంపుతానన్నారు కదా, పంపకండి. పైన ఇంకో సరస్సుంది, చూసే వస్తాను. నా గురించి బెంగ పెట్టుకోకండి. అంటే, కొంచెం పెట్టుకోండి.

మీ ఇల్లాలు