చెప్పుల కాపలా నుంచి ఒక్క పూట సెలవు

అయ్యగారికి,

మైపాడు సంఘంలోని మీ కొరకరాని కొయ్య వందనాలతో రాసుకునేది.

మూడేళ్ళ కిందట సంఘపెద్ద హెబ్రోనుగారి చెప్పులో నేను పీతను పెట్టినానని, "నేను లెమ్మనే దాకా గుడి బయట కూచుని అందరి చెప్పులూ కాయి" అని మీరు శిక్ష వేసినారు. లెమ్మనకుండానే మీకు గూడూరుకు బదిలీ అయిపోయింది. నేనింకా లేవలేదు.

కొత్త అయ్యగారు లోపలికి రమ్మంటే, "కూచోబెట్టినాయనే లేపాల" అన్నాను. నిజం చెప్తున్నా, మొదట్లో మిమ్మల్ని నవ్వులపాలు చేద్దామనే కూచున్నా. కానీ ప్రతి ఆదివారం కిటికీలోంచి వాక్యం చెవినబడతా ఉంటే ఎంతకాలమని ఎగతాళి చేస్తాను? ఇప్పుడు ముసలోళ్ళు బయటికొచ్చేసరికి, కాలు పెట్టుకునేటట్టు చెప్పులు తిప్పిపెడుతున్నా. మొన్న గుడి ముందరే ఒక పీత చేతికి దొరికితే కాలవలో వదిలేసినా. ఎంత కష్టమయిందో ప్రభువుకే తెలుసు.

వచ్చే బుధవారం మా ప్రేమలీల పెండ్లి. "నాయనా, నువ్వు లోపలికొచ్చి నా చెయ్యి పెండ్లికొడుక్కి అందిస్తేనే చేసుకుంటా" అని మొండికేసింది. ఆ ఒక్క పూటకు నన్ను లెమ్మని కార్డు ముక్క రాయండి. ఆదివారం మళ్ళీ నా చోట నేనే కూచుంటా.

ఆ పూట చెప్పులు తాను కాస్తానని హెబ్రోనుగారే ముందుకొచ్చినాడు. నన్నెప్పుడో క్షమించినానని కూడా అన్నాడు. నమ్మినాను. అయినా ఆ రోజు గుడికి ఉత్తకాళ్ళతోనే పోతాను. విశ్వాసంలో ఇంకా అంతవరకే ఎదిగినాను.

ఇట్లు,
కూచునే ఉన్న మీ విధేయుడు