అడిగినవారికే ఇల్లు

కర్టెన్లు కుట్టే దుకాణం యజమానిని, చిన్నప్పటినుంచీ ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని అందరి ప్రాణం తీసి ‘ఎందుకమ్మ’ అనిపించుకున్నదాన్ని, భర్త కాలం చేసినదాన్ని, సంతానం లేనిదాన్ని అయిన నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్లు మాత్రం నా మాట వినడం లేదు. వాటికీ ఈ దస్తావేజుకూ సంబంధం లేదని వకీలుగారు చెప్పారు. ఇదివరకు రాసినవేవైనా ఉంటే ఇందుమూలంగా రద్దు.

1. కుట్టుమిషన్, పెద్ద కత్తెర, కొలబద్ద, దుకాణంలో మిగిలిన బట్ట అంతా నాతో పనిచేస్తున్న దర్జీకి చెందును. ఆ కత్తెరతో కాగితం కోస్తే మాత్రం దయ్యమై వస్తాను.

2. పై వాటాలో అద్దెకున్న సంగీతం టీచరుగారికి ఒక బకెట్టు. బట్టలు పిండకుండా ఆరేసి నా వరండా అంతా తడిపేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా, అయ్యో చూసుకోలేదండీ అంటుంది. ఇకనైనా చూసుకోగలరు.

3. చట్టసభ సభ్యుడైన నా తమ్ముడికి నా రేడియో. గర్భస్రావాన్ని నిషేధించే బిల్లు మీద వాడి ఉపన్యాసాలన్నీ అందులోనే విన్నాను. ప్రతి ఉపన్యాసంలోనూ ‘నాకు బాగా కావలసిన ఒక స్త్రీ’ వస్తుంది. గర్భం తీయించుకున్న నాటినుంచి నేటివరకూ ఆవిడ కన్నీరు మున్నీరవుతూనే ఉందట. ఆ స్త్రీని నేనే. నేనూ మా ఆయనా కలిసి అనుకున్న పని అది. ఆయన జ్వరంతో పడుకుంటే, తమ్ముడే నన్ను స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వచ్చేటప్పుడు గతుకు కనబడితే చాలు, బండి ఆపి మరీ మెల్లిగా దాటించాడు. ఆ తమ్ముడంటే నాకు ఇప్పటికీ ప్రాణం. రేడియోలో మాట్లాడే పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు.

4. తమ్ముడి కూతురు, అంటే నా మేనకోడలు, ఆ బిల్లుకు అడ్డం నిలబడి సభలు పెడుతోంది. దానికి నా పచ్చరాళ్ల దుద్దులు. నా ఒళ్లో కూర్చుని వాటిని పట్టుకు లాగిన పిల్ల. దాని సభల్లోనూ ‘మా ఇంట్లోనే ఒకావిడ’ వస్తుంది. ఆవిడ ఒక్కరోజు కూడా బాధపడకుండా హాయిగా బతికిందట. ఆవిడా నేనే! చట్టం విషయంలో నేను దాని పక్షమే. ఆ తలుపు కాస్తా మూసేస్తే ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? కానీ నా మనసులో ఏముందో దానికెవరు చెప్పారో మరి. తండ్రీకూతుళ్లు నా గురించి పోట్లాడుకుని మాటలు మానేశారు. ఆ గొడవలో పడి నా ఇంటికి రావడం కూడా మానేశారు.

ఇక్కడే నాకు పెద్ద వింత. నొప్పి ఉందా అని డాక్టరు అడిగింది. ఏమైనా తిన్నావా అని మా ఆయన అడిగాడు, పాపం, అంతకుమించి అడగడానికి భయపడ్డాడు. మనసుకి ఎలా ఉందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పి చూసుకోలేదు. అడిగితే నా నోట్లోంచి ఏమొస్తుందో తెలుసుకోవాలని నాకే మహా సరదాగా ఉంది. బాధగానూ ఉంది, దాచడం దేనికి.

5. రెండు వాటాల ఈ ఇల్లు నా స్వార్జితం. నేను బతికుండగా ఎవరైతే ముందుగా నా ఎదుట కూర్చుని, అప్పుడు నీకు ఎలా ఉందని అడిగి, నేను చెప్పడం అయ్యేదాకా అడ్డు రాకుండా వింటారో, నా తదనంతరం ఇల్లు సర్వహక్కులతో వారిది. ‘ఎవరైతే’ అన్నది తీసేసి తమ్ముడు గానీ మేనకోడలు గానీ అని రాయమన్నారు వకీలుగారు. ఉండనివ్వండి, ఏం జరుగుతుందో చూద్దాం అన్నాను. ఎవరూ అడగకపోతే ఇల్లు అమ్మి, ఆ ఆసుపత్రిలో ఆడవాళ్లని పడుకోబెట్టే గదికి కిటికీలు పెట్టించాలి. నేను పడుకున్నప్పుడు ఒక్కటీ లేదు.

6. పై అంశాల నకలు ముందే ఇద్దరికీ పంపాను. తమ్ముడు పూలగుత్తి పంపించి, ఓటింగు అయ్యేదాకా ఇది పత్రికలవాళ్ల కంట పడనివ్వొద్దని కబురు చేశాడు. మేనకోడలు ఫోన్ చేసి, నాలుగో అంశం సభలో చదవొచ్చా అత్తా అంది. పూలు బాగున్నాయి. చదవొద్దని చెప్పాను.

ఈ వీలునామా అమలు బాధ్యత వకీలుగారిది.

7. సంతకాలకు ముందు చేర్చినది. సాక్షి సంతకానికి పిలిస్తే సంగీతం టీచరుగారు తడిచేతులు చీరకు తుడుచుకుంటూ కిందికి వచ్చింది. నాలుగో అంశం దాకా చదివి, కాగితం పక్కన పెట్టి, కుర్చీ నా ముందుకు లాక్కుని కూర్చుంది. అప్పుడు మీకెలా ఉందండీ అని అడిగింది. ఐదో అంశం ఆవిడ ఇంకా చూడనేలేదు.

చెప్పాను. ముందు విపరీతమైన ఆకలి. తర్వాత గుండెల మీంచి బరువు దిగినట్టు నిద్ర. ఎన్నాళ్లకో, ఎవరి ఇంటికో పసిపిల్లల గదికి కర్టెన్ కుడుతూ, మిషన్ ఆపి వెక్కివెక్కి ఏడ్చాను. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే పని చేసేదాన్ని. ఇవన్నీ నాలోనే ఉన్నాయని నాకు ఇవాళే తెలిసింది. ఆవిడ చివరిదాకా నోరు మెదపలేదు. పైనుంచి నీళ్లు వరండాలో పడుతూనే ఉన్నాయి, అయినా నాకు కోపం రాలేదు.

బకెట్టు దాకా సరేగానీ, ఇల్లు పొందేవారు సాక్షిగా ఉండకూడదని వకీలుగారు ఆవిడ చేతిలోంచి కలం తీసుకున్నారు. ఎందుకని అడిగింది. ఐదో అంశం చదవమన్నాను.

కనుక రెండో అంశం రద్దు. వరండా ముందుముందు ఆవిడదే, ఆవిడ ఇష్టం. నేనున్నన్నాళ్లు మాత్రం పిండే ఆరేయాలి.

తేదీ: నవంబరు నాలుగు, మంగళవారం

(సంతకం) ఎందుకమ్మ

సాక్షులు:
1. ఎదురుగా మందుల షాపు నడిపే ఆయన
2. పై వాటా సంగీతం టీచరు – కొట్టివేయడమైనది. కారణం: అడిగింది. బదులు, ఆ వేళకి ఉత్తరాలు తెచ్చిన పోస్టుమ్యాన్.